సంపాదకుని మాట: డిజిటల్ సాక్ష్యానికి కాపలా

పోర్ట్ బ్లెయిర్‌కు చెన్నై నుంచి వేసిన సముద్రగర్భ కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమైంది. ఇంటర్నెట్ వేగం పెరిగేకొద్దీ సైబర్ దర్యాప్తు తెలిసిన పోలీసుల అవసరమూ పెరుగుతుంది. ఐటీ చట్టం కింది నేరాలను ఇన్‌స్పెక్టర్, ఆపై స్థాయి అధికారులే దర్యాప్తు చేయాలి.

పట్టుబడిన హార్డ్ డిస్క్‌ను నేరుగా తెరిచి చూడకూడదు. అందులో ఏదీ మారకుండా రైట్ బ్లాకర్ అమర్చి, పూర్తి నకలు తీసి, హ్యాష్ విలువ నమోదు చేయాలి. ఒక్క అక్షరం మారినా ఆ విలువ మారిపోతుంది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ధ్రువపత్రంలో ఈ విలువను రాయాల్సిందే.

కంప్యూటర్ పరిజ్ఞానంతో పాటు చట్టం, ఓర్పు, నిజాయితీ కోరే వృత్తి సైబర్ దర్యాప్తు. సైబర్ మోసాల బాధితులు కూడా నష్టపోయిన వెంటనే హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తేనే సొమ్ము దక్కే అవకాశం ఎక్కువ. ఈ సంచిక ఆ వృత్తికే అంకితం.