మగ్గబెడితే మందు అవుతుందా?



సాఖర్ పేట్ నుంచి విడి ఘర్‌కుల్ దాకా చాయ్ గాడీల దగ్గర ఈ మధ్య ఒక కొత్త మాట నడుస్తోంది. "ఇది మామూలు గంజాయి కాదన్నా, పాతకాలం పద్ధతిలో మగ్గబెట్టింది. పులిసినాక అందులోని చెడంతా పోతుంది, మందు లెక్క పనిచేస్తుంది" అని. చెప్పేది పద్దెనిమిది, ఇరవై ఏళ్ల పిల్లలు. వినేవాళ్లలో మన వయసువాళ్లూ ఉన్నారు, కొందరు తల కూడా ఊపుతున్నారు. ఆ తల ఊపడం చూసే ఇంత పొడుగు రాత రాస్తున్నాం. ఓపిక చేసుకుని చదవండి. ఇంట్లో విడీలు చుట్టే తల్లులకు, అక్కలకు చదివి వినిపించండి.

ఆ మాట ఎందుకు నమ్మబుద్ధి అవుతుందో మాకు తెలుసు. పులియడం అంటే మన ఇళ్లలో మంచి మాట. ఇడ్లీ పిండి పులవాలి, అంబలి పులవాలి, పెరుగు తోడుకోవాలి. మామిడికాయ గడ్డిలో మగ్గితేనే తీపి. కానీ మనం నేతపనివాళ్లం కూడా. గంజి పట్టిన పడుగును తడి ఆరకముందే చుట్టి మూలన పడేస్తే ఏమవుతుందో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. బూజు పడుతుంది, నూలు తెగుతుంది. తడి, వేడి, గాలి ఆడకపోవడం, ఈ మూడూ కలిస్తే మంచి క్రిములే పెరగాలని రూలు లేదు.

అసలు ఈ మగ్గబెట్టడం ఏమిటి? కొత్తదేమీ కాదు. బ్రిటిష్ ప్రభుత్వం 1893-94లో గంజాయి మీద ఒక పెద్ద కమిషన్ వేసింది. అప్పట్లో మన పక్కనే ఉన్న అహ్మద్‌నగర్ జిల్లాలో, బెంగాల్‌లోని నౌగావ్ ప్రాంతంలో గంజాయి సాగు ఉండేది. కోసిన పూగుత్తులను ఎండలో పరిచి, కుప్పలు వేసి, కాళ్లతో తొక్కి, అదిమి పెట్టేవారు. ఆఫ్రికాలోని మలావీ దేశంలో అయితే మొక్కజొన్న పొత్తు ఆకుల్లో గట్టిగా చుట్టి మగ్గబెడతారు. ఆ వేడికి ఆకుపచ్చదనం విరిగి గోధుమ రంగు వస్తుంది, పచ్చి వాసన తగ్గుతుంది, పొగ గొంతులో గీరుకోదు. జరిగేది ఇంతే. మత్తు ఇచ్చే టీహెచ్‌సీ అనే పదార్థాన్ని పులియబెట్టడం కొత్తగా పుట్టించదు, విషం తీసినట్టు తీసేయదు కూడా. పచ్చి మొక్కలో అది ఆమ్ల రూపంలో ఉంటుంది, నిప్పు తగిలితే మత్తు రూపంలోకి మారుతుంది. ఎక్కువ కాలం గాలికి, వెలుతురుకు ఉంటే కొంత సీబీఎన్ అనే మరో పదార్థంగా మారుతుంది. దాన్ని చెడు పోవడం అనరు, పాతబడటం అంటారు. పైగా గొంతు గీరకపోతే పిల్లవాడు ఇంకా లోతుగా పీలుస్తాడు. మెత్తదనం అతనికి మేలు కాదు.

దీనికి మన చేతుల్లోనే సాక్ష్యం ఉంది. విడీ పొగాకును ఎండబెట్టి, కుప్ప వేసి మగ్గిస్తారని నిపాణి నుంచి వచ్చే పొగాకు పట్టిన ప్రతి తల్లికీ తెలుసు. అలా మగ్గించేటప్పుడే నైట్రోసమైన్లు అనే పదార్థాలు పెరుగుతాయి. పొగాకులో క్యాన్సర్ తెచ్చే వాటిలో అవి ముఖ్యమైనవి. మగ్గబెట్టడం వల్ల రుచి బాగుపడింది, ప్రమాదం పెరిగింది. తునికాకు ప్రకృతి ఇచ్చిందే, పొగాకు ప్రకృతి ఇచ్చిందే. రెంటినీ కలిపి చుట్టి కాలిస్తే ఏమవుతుందో మూడు తరాలుగా మన దవాఖానా చీటీల్లో రాసి ఉంది. పద్ధతి పాతదైతే క్షేమం అనుకునేవాళ్లు ముందు విడీని క్షేమం అని చెప్పగలగాలి.

బూజు సంగతికి మళ్లీ వద్దాం, ఎందుకంటే మన గల్లీలకు అది వేరే రకంగా తగులుతుంది. సరిగా ఆరని గంజాయిలో ఆస్పర్‌జిల్లస్ అనే బూజు పెరుగుతుంది. కాల్చినంత మాత్రాన దాని బీజాలన్నీ చావవు. గట్టి ఒళ్లు ఉన్నవాడికి ఏమీ కాకపోవచ్చు. కానీ టీబీ వచ్చి తగ్గినవాళ్ల ఊపిరితిత్తుల్లో మిగిలిన గుంటల్లో ఈ బూజు గడ్డలా కూర్చుంటుంది, దగ్గితే నెత్తురు పడుతుంది. నూలు దుమ్ములో, పొగాకు దుమ్ములో బతికే మనలో టీబీ మందులు మింగిన ఇల్లు లేని గల్లీ ఎక్కడుంది? దొంగచాటుగా నొక్కి, ప్లాస్టిక్ చుట్టి, లారీ సామాన్ల కింద దాచి తెచ్చే సరుకును ఏ ల్యాబు పరీక్షించింది? కెనడా 2018లో గంజాయిని చట్టబద్ధం చేసింది కదా అంటారు. నిజమే. అక్కడ బూజుకు పరీక్ష ఉంది, టీహెచ్‌సీ ఎంతో ప్యాకెట్ మీద రాయాలి, ఆరోగ్య హెచ్చరిక వేయాలి. ఇక్కడ అమ్మేవాడి నోటిమాట తప్ప ఇంకేముంది?

మందు మాట కూడా తేల్చుకుందాం. ఈ మొక్కలోని సీబీడీ అనే పదార్థాన్ని వేరుచేసి, కొలిచి, పిల్లల్లో వచ్చే కొన్ని తీవ్రమైన మూర్ఛలకు మందుగా అమెరికా 2018లో అనుమతించింది. సీబీడీ మత్తు ఇవ్వదు, దాన్ని డాక్టరు బరువు చూసి ఇస్తాడు. చిలుంలో కాల్చేదానికీ దానికీ చుట్టరికం ఉంది, అంతే. పేరు ఒకటైతే పని ఒకటి కాదు.

మత్తు చేసే పని మన వాళ్లకు ఇంకొంచెం వివరంగా చెప్పాలి. గుండె వేగంగా కొట్టుకుంటుంది. కాలం సాగినట్టు అనిపిస్తుంది, చేయి ఆలస్యంగా కదులుతుంది. రాత్రి పాళీలో పవర్‌లూమ్ మీద నిలబడే కుర్రాడికి ఆ ఆలస్యం ఎంత ఖరీదో మగ్గం నడిపినవాళ్లు ఊహించగలరు. నిద్ర రావడం లేదు, ఒళ్లు నొప్పులు, పాళీ తర్వాత కొంచెం కొడితే హాయి అంటారు. ఆ హాయి కొన్నాళ్లే. రోజూ అలవాటయ్యాక మానితే మొదటి వారం నిద్ర పట్టదు, ఊరికే కోపం, అన్నం సయించదు. చూసే ఇంట్లోవాళ్లు "గంజాయి లేక పిచ్చెక్కుతోంది, కొంచెం తాగనీ" అనుకుంటారు. రెండు వారాలు ఓర్చుకుంటే చాలావరకు తగ్గేదే అది.

భయపడాల్సింది వేరే ఉంది. స్వీడన్‌లో సుమారు నలభై ఐదు వేల మంది సైన్యంలో చేరిన కుర్రాళ్లను పదిహేనేళ్లు గమనించి, 1987లో లాన్సెట్ పత్రికలో ఫలితం వేశారు. యాభైసార్లకు మించి గంజాయి తాగినవాళ్లలో స్కిజోఫ్రెనియా, అసలు తాగనివాళ్లకంటే ఆరు రెట్లు ఎక్కువ కనిపించింది. తాగిన ప్రతివాడికీ వస్తుందని కాదు. ఇంట్లో ఇంతకు ముందు ఎవరికైనా మతి చెలించి ఉంటే, పదిహేను పదహారేళ్లకే మొదలుపెడితే ముప్పు ఎక్కువ. ఎవరో చెవిలో మాట్లాడుతున్నారని, అందరూ తన మీదే కుట్ర చేస్తున్నారని కొడుకు అంటే అది గాలి సోకడం కాదు. అంత్రాలకు ముందు డాక్టరు దగ్గరకు తీసుకుపోవాలి.

ఆ బ్రిటిష్ కమిషనే మితంగా వాడితే పెద్ద హాని లేదని చెప్పింది కదా అని చదువుకున్న మన తమ్ముళ్లు అడుగుతారు. చెప్పింది, దాచాల్సిన పని లేదు. అతిగా వాడితే హాని అని కూడా చెప్పింది. టీహెచ్‌సీని శాస్త్రవేత్తలు వేరుచేసి చూసింది 1964లో. అప్పటికి డెబ్బై ఏళ్ల ముందు రాసిన మాట పట్టుకుని ఈనాటి పదిహేనేళ్ల పిల్లవాడి మెదడుకు పూచీ పడలేం.

చట్టం సంగతి క్లుప్తంగా. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం మొక్క పూగుత్తులను ఏ పేరుతో పిలిచినా గంజాయే అంటుంది. మగ్గినా, మగ్గకపోయినా. కిలో లోపు దొరికితే ఏడాది దాకా జైలు. ఇరవై కిలోలు దాటితే పదేళ్లకు తక్కువ కాదు, బెయిల్ కూడా కష్టం. మన ఊరు హైదరాబాద్-పుణే రోడ్డు మీద ఉంది, ఆంధ్రా-ఒడిశా సరిహద్దు సరుకు పడమటికి పోయే దారుల్లో ఇదొకటి. "ఈ సంచి ఫలానా చోట ఇచ్చి రా, డబ్బులిస్తాం" అనేవాళ్లకు కావలసింది పని లేని కుర్రాళ్లే. అదే చట్టంలో 64-ఏ అనే సెక్షన్ కూడా ఉంది. అలవాటుపడినవాడు వాడకం కేసులోగానీ చిన్న మొత్తం కేసులోగానీ ఉండి, తనంతట తాను ప్రభుత్వం గుర్తించిన చోట చికిత్సకు ఒప్పుకుని పూర్తి చేస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ దొరుకుతుంది. ఈ సంగతి మన వాళ్లలో ఎంతమందికి తెలుసు?

ఇప్పుడు మాకు అన్నిటికంటే కోపం తెప్పించే విషయం. కొడుకు దారి తప్పాడని తెలిసిన వెంటనే మనం చేసే మొదటి పని, సంబంధాలు చూడటం. పెళ్లి చేస్తే అదే బాగుపడుతుందట! ఊళ్లో అందరికీ తెలుసు, పిల్ల తండ్రికి తప్ప. కామారెడ్డి నుంచో సిరిసిల్ల నుంచో వచ్చిన ఆడపిల్ల పగలు వెయ్యి విడీలు చుట్టి, రాత్రి అతన్ని కాయాలి. చికిత్స బరువును ఇరవై ఏళ్ల పిల్ల నెత్తిన పెట్టి మనం అక్షింతలు వేసి వస్తున్నాం. పెద్దమనుషులుగా సంబంధం మాట్లాడేవాళ్లకు మా విన్నపం ఒక్కటే. తెలిసి దాచకండి. ముందు వైద్యం, ఆ తర్వాతే లగ్నం.

సమాజం తరఫున ఏం చేయొచ్చో కూడా చెప్తాం. ప్రతి గల్లీకి ఇద్దరు, ఒక మగమనిషి, ఒక ఆడమనిషి, ఇలాంటి ఇంటివాళ్లతో కలిసి సివిల్ హాస్పిటల్ మానసిక వైద్య విభాగానికి వెళ్లి కూర్చోవడానికి ముందుకు రావాలి. కొత్త జాగాలో, మరాఠీలో డాక్టరుకు కొడుకు సంగతి చెప్పలేక వెనక్కి తిరిగొచ్చే తల్లులు ఉంటారు. నారళీ పౌర్ణమి మార్కండేయ రథోత్సవానికి ముందు పేర్లు రాసుకుంటే ఆ రోజే అందరికీ ప్రకటించవచ్చు. ఆ పేర్లలో మాలక్‌లు ఉంటే ఇంకా మంచిది, ఎందుకంటే చికిత్సకు వెళ్లిన కుర్రాడి పాళీ పోకుండా చూడగలిగేది వాళ్లే. ఫోన్లో మాట్లాడాలనుకుంటే మత్తు మాన్పించే కేంద్ర ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446, మనసు బాధలకు టెలీ మానస్ 14416. రెండూ ఉచితం. ఇంటి తలుపు వెనక రాసి పెట్టుకోండి.

పేరు ఇవ్వాలనుకునేవాళ్లు మీ గల్లీ ప్రతినిధికి ఈ వారంలోనే చెప్పండి. జై మార్కండేయ.