సరిహద్దున శీలపరీక్ష

మడకశిరనుండి కన్నడసీమలోని పావగడకుఁ గోడలుగాఁ బోవు పడుచును పొలిమేరయొద్ద నెవ్వరును ప్రశ్నింపరు. సముద్రము దాఁటి వరునిఁ జేరఁబోవునామె మాత్రము దోషివలె నిలువవలెనా?

1979 జనవరిలో, వివాహమాడుటకై లండను హీత్రో విమానాశ్రయమున దిగిన భారతీయ ఉపాధ్యాయిని కన్యయో కాదో యని అధికారులు పురుషవైద్యునిచేఁ బరీక్ష చేయించిరి. భారతవధువు కన్యయే కావలెనఁట. కానిచో నిదివఱకే యొకరి భార్యయై వంచించుచున్నదఁట! ఈ కొలబద్ద వారికెక్కడిది? మన యిండ్లలోనిదే కదా! వార్త పొక్కినంతనే ఫిబ్రవరిలో వారా పరీక్షను మాన్పించిరి. మనమో? ఇంట నా కొలబద్దను దాఁచుకొని వారిని దూషింప మనకేమి హక్కు?

సోదరులారా! రాజ్యము ప్రయాణపత్రమును, రాకకుఁ గారణమును అడుగవచ్చును; స్త్రీ శరీరమును సాక్ష్యమడుగరాదు. ఈ ధర్మమును మొదట మన గడపలో నిలుపుదము. పిదప పరరాజ్యమును నిలదీయుదము.