ఫోటో తీసేవారు, ఫోటో దిగేవారు

ఛాయాచిత్రాల మీద మోజున్న కుర్రవాళ్ళు ఎవరు కలిసినా నన్నడిగే మొదటి ప్రశ్న, “ఏ కెమెరా కొనమంటారు?” రెండోది, “ఎక్కడ నేర్చుకోమంటారు?” మొదటిదానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు ప్రతివారి జేబులోనూ ఒక కెమెరా ఉండనే ఉంది. రెండోదానికి మాత్రం ఒక జవాబుంది. కాస్త పొడుగాటిది. అందుకే ఈ టపా.

మన భాషలో ఒక చమత్కారం ఉంది, గమనించారా? కెమెరా పట్టుకున్నవాడు ఫోటో ‘తీస్తాడు’. ఎదుట నిలుచున్నవాడు ఫోటో ‘దిగుతాడు’. ఒకే క్షణానికి ఇద్దరు కర్తలు, రెండు క్రియలు. ఈ కళ గురించి నేను చదివిన పుస్తకాలన్నీ మొదటి క్రియను గురించే చెప్పాయి. రెండో క్రియను నాకు నేర్పినవి మూడు ఊళ్ళు: జగిత్యాల, సిరిసిల్ల, కోరుట్ల. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ విద్య అభ్యాసంతోనే వస్తుంది. అదీ ఎవరికి వారు నెత్తిన వేసుకున్న పనితో వస్తుంది. అయితే దిగినవారి చేతికి ఫోటో చేరేదాకా ఆ పని పూర్తయినట్టు కాదు, ఆ విద్య వచ్చినట్టూ కాదు.

2004లో మా పినతండ్రి కుమారుడు దుబాయి నుండి సెలవుమీద వస్తూ నాకొక నికాన్ ఎఫ్‌ఎమ్-10 తెచ్చి ఇచ్చాడు. అందులో ఏదీ దానంతటది జరగదు. వెలుతురు ఎంతో, తలుపు ఎంతసేపు తెరవాలో, దూరం ఎంతో అన్నీ మనమే చూసుకోవాలి. చుట్టకు 36 బొమ్మలు. చేసేది గుమాస్తా ఉద్యోగం గనుక ఒక్కొక్క బొమ్మా జేబుకు తెలిసేది. మొదటి రెండు చుట్టలూ పెళ్ళిళ్ళకూ పుట్టినరోజులకూ ఖర్చయి, ఏమీ నేర్పకుండానే వెళ్ళిపోయాయి. మూడోచుట్ట చేతిలో పెట్టుకొని ఒక నియమం పెట్టుకున్నాను: నెలరోజులు ఒకే వస్తువును తీయాలి.

నేనప్పుడు జగిత్యాలలో ఉండేవాడిని. అక్కడి ఖిల్లా పద్ధెనిమిదో శతాబ్దపుది, నక్షత్రాకారంలో కట్టినది. చుట్టూ కందకం, బురుజుల మీద పాత ఫిరంగులు. నేను ఒక బురుజును ఎంచుకున్నాను. పొద్దున్నే ఒకటి, మిట్టమధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి. పక్కన ఒక నోటుపుస్తకం: గంట, రంధ్రం కొలత, తలుపు వేగం, ఆకాశం ఎలా ఉంది. ఖిల్లా దగ్గర గేదెలు మేపే పిల్లవాడు ఆ నెలంతా నన్ను చూసి చివరికి ఉండబట్టలేక అడిగాడు: “రోజూ గదే గోడ దించుతున్నవ్, అది యాడికి పోతది సార్?”

గోడ ఎక్కడికీ పోదు. పోయేది వెలుతురు. పొద్దుటి ఎండ పక్కవాటుగా తగిలితే రాతికీ రాతికీ మధ్యనున్న సందులన్నీ లెక్కపెట్టవచ్చు. మధ్యాహ్నానికి అదే గోడ అట్టముక్కలా చదునైపోతుంది. మబ్బు పట్టిన రోజున నీడలు పోయి రాతి రంగు పైకి వస్తుంది. ఇది ఏ పుస్తకంలోనైనా మూడు వాక్యాల్లో దొరుకుతుంది. నేను ముప్పైరోజులు పెట్టి నేర్చుకున్నాను. కానీ పుస్తకంలో చదివింది మర్చిపోయాను, బురుజు నేర్పింది మర్చిపోలేదు. అభ్యాసం కూసువిద్య అని పెద్దలు ఊరికే అనలేదు.

అప్పట్లో నాకు ధైర్యమిచ్చినవాడు రాజా దీన్‌దయాళ్. 1844లో మీరట్ దగ్గర సర్ధానాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగు చదువుకొని, ఇందోరులో పబ్లిక్ వర్క్స్ శాఖలో నక్షాలు గీసే ఉద్యోగి. 1870లలో, ఉద్యోగం చేస్తూనే కెమెరా పట్టాడు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆయనకు 1894లో ‘ముసవ్విర్ జంగ్’ బిరుదునిచ్చాడు. గుమాస్తాకు ఇంతకంటె ఓదార్పు ఏముంటుంది! అయితే ఆయన బొమ్మలు చూసినకొద్దీ నాకు ఇంకొకటి కూడా తోచింది. అందులో ఎక్కువగా కనబడేవి కోటలు, మహళ్ళు, వేటలు, విందులు. దిగగలిగినవారే దిగారు. కెమెరా ముందు నిలవడమన్నది చాలాకాలం కలిగినవారి పని. నిరుపేద ఫోటో దిగాలంటే ఏదో ఒక ఉపద్రవం రావాలి.

సిరిసిల్లకు బదిలీ అయ్యాక ఈ సంగతి మరింత తెలిసింది. మరమగ్గాన్ని ఆ ఊళ్ళో ‘సాంచె’ అంటారు. వీధిలో నడుస్తుంటే ప్రతి ఇంటిలోంచీ సాంచెల మోత. 1990ల చివరినుండీ నేత కార్మికుల ఆత్మహత్యలతో ఆ ఊరి పేరు పత్రికలకెక్కింది. అప్పుడు అచ్చయిన ఫోటోలు మీరూ చూసే ఉంటారు: గోడకు దండవేసిన పటం, దానికింద భార్య, ఒళ్ళో బిడ్డ. అవి అబద్ధాలని నేననను. వాటివల్ల కొందరి మనసులైనా కదిలాయి. కానీ ఒక కార్ఖానాలో నేను కెమెరా బయటికి తీయగానే అక్కడి మనిషి ఒకడు అన్నమాట ఇది: “మేం సచ్చినంకనే ఫోటోలు దించెటోళ్ళు వస్తరు సార్. సాంచె నడుస్తున్నప్పుడు ఎవలూ రారు.”

ఆ మాటతో నా రెండోపని ఖాయమైంది. ఒకే కార్ఖానా, ఏడాదిపాటు, నెలకు రెండుసార్లు; నడుస్తున్న సాంచెలు మాత్రమే. యజమాని ఒప్పుకున్నాడు, పనివాళ్ళు ఒప్పుకున్నారు. ఒప్పుకోనిది వెలుతురు. లోపలంతా ట్యూబులైట్లు. నాడె పరుగును ఆపుదామని తలుపువేగం సెకనులో 500వ వంతుకు పెట్టాను. చుట్ట కడిగించి చూస్తే ఒక బొమ్మ వెలుగు, ఒకటి చీకటి, మరొకటి సగం అదీ సగం ఇదీ! కెమెరా పాడైందనుకున్నాను. పాపం, దాని తప్పేమీ లేదు. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులది. ఆ ట్యూబులైటు సెకనుకు 100 సార్లు వెలిగి మలుగుతుంది. మన కన్ను దాన్ని పట్టించుకోదు, వేగంగా మూసే తలుపు పట్టించుకుంటుంది. వేగం తగ్గిస్తే వెలుతురు కుదురుకుంది, సాంచె చెదిరిపోయింది. స్టాండు పెడదామంటే నేలంతా అదురుతోంది, స్టాండు నాకంటె ఎక్కువ వణికింది! చివరికి దూలానికి వీపు ఆనించి, ఊపిరి బిగబట్టి, సెకనులో 15వ వంతులో తీయడం అలవాటు చేసుకున్నాను.

అప్పుడు కనబడింది అసలు బొమ్మ. ఒక్కొక్కరు కొన్ని సాంచెలను చూసుకోవాలి గనుక ఆ మనిషి ఎప్పుడూ నడుస్తూనే ఉంటాడు. పోగు తెగినప్పుడే నిలుస్తాడు, అతికేదాకా. ఆ కొద్దిసేపు అతనూ, ఆగిన సాంచే స్పష్టంగా ఉంటాయి. చుట్టూ తక్కిన సాంచెలన్నీ పొగలా కదిలిపోతుంటాయి. మోతను బొమ్మ కట్టడం సాధ్యమని నేను అంతకుముందు అనుకోలేదు. పోగు తెగడం కోసం కాచుకోవడమే నా సాంకేతిక విద్య అంతా.

దసరాకు కొన్ని బొమ్మలు పెద్దవి చేయించి అందరికీ పంచాను. వాటిని స్విచ్చిబోర్డు పక్కన గోడకు అతికించారు. నేను ఎంతో మురిసిపోయిన బొమ్మ ఒకటుంది, ముఖంమీద సగం వెలుగు పడినది. అది దిగిన మనిషి చాలాసేపు చూసి, “మంచిగనే ఉన్నది. గని చెయ్యి కనవడ్తలేదు. చెయ్యి లేకుంట పనేడున్నది?” అన్నాడు. నాకు దొరికిన విమర్శల్లో దానికి సాటివచ్చేది నేటికీ లేదు. ఆ తర్వాత ఆరునెలలూ చేతులు తీశాను. ఫోటో తిరిగి ఇవ్వకపోయి ఉంటే ఆ పాఠం నాకు చెప్పేవారెవరు?

ఇంత నేర్చుకున్నవాణ్ణి, కోరుట్లలో మాత్రం తప్పిపోయాను.

కోరుట్లలో ఇంటింటా బీడీలు చేస్తారు. ఆడవాళ్ళు ఒళ్ళో చాట పెట్టుకొని, తునికాకు కత్తిరించి, తంబాకు పోసి చుట్టి దారం కడతారు. కూర్చునేది గడప దగ్గర, ఎందుకంటే అక్కడే వెలుతురు. ఛాయాచిత్రకారుడికి అంతకంటె కావలసిందేముంది? ముఖానికి ఒకవైపు వీధి వెలుతురు, వెనక ఇంటి చీకటి. అరవై దాటిన ఒక అవ్వను అలా తీశాను. తీసినంతసేపూ ఆమె చేతులు ఆగలేదు. కెమెరా దించాక అడిగింది: “ఫోటో దిగిన గదా బిడ్డా, నాకెప్పుడిస్తవు? మా పిలగానికి మస్కట్‌కు పంపాలె.” వచ్చేవారం తెస్తానన్నాను.

బొమ్మ బ్రహ్మాండంగా వచ్చింది. ఆ రావడమే చేటైంది. మామూలు కాగితం మీద వేయిస్తే దాని అందం చెడుతుందనిపించింది. మంచి కాగితం మీద, హైదరాబాదులో వేయిద్దామనుకున్నాను. ఈలోగా ఒక పోటీకి పంపాను. ఆ తర్వాత ఇంకో పని, మరో బదిలీ. ఏడాదిన్నర గడిచాక పెద్ద ప్రింటు చంకన పెట్టుకొని ఆ గడపకు వెళితే కోడలు కూర్చొని బీడీలు చేస్తోంది. గోడకు అవ్వ పటం. ఓటరు కార్డు మీది అగ్గిపెట్టెంత ముఖాన్ని స్టూడియోవాళ్ళు సాగదీసి రంగులద్దితే ఎలా ఉంటుందో అలా ఉంది. కళ్ళు కళ్ళలా లేవు. కొడుకు అంత్యక్రియలకు రాలేకపోయాడట. “ఆయినకు గిదే పంపినం సార్. వేరే ఫోటో లేకుండె,” అంది. కోపంగా అనలేదు. నా చేతిలో ఉన్న ప్రింటులో ఆమె కనురెప్పల వెంట్రుకలు కూడా లెక్కపెట్టవచ్చు. ఆ స్పష్టత చూసి నేను మొదటిసారి సిగ్గుపడ్డాను.

చాలాఏళ్ళ తర్వాత డొరొతియా లాంగ్ కథ చదివాను. 1936 మార్చిలో, కాలిఫోర్నియాలో నిపోమో దగ్గర బఠానీకోత కూలీల గుడారాల్లో ఆమె తీసిన ‘వలస తల్లి’ బొమ్మ లోకప్రసిద్ధం. అందులోని తల్లి ఫ్లారెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలిసింది 1978లో, అంటే నలభై రెండేళ్ళకు! ఆనాడు తన పేరైనా అడగలేదనీ, ఒక ప్రతి పంపుతామని పంపలేదనీ ఆమె వాపోయింది. ఆ బొమ్మ మేలు చేయలేదని అనలేం. పత్రికలో రాగానే ఆ శిబిరానికి ప్రభుత్వం ఆహారం పంపింది. అయినా ఆ తల్లి చేతికి ఒక ప్రతి చేరలేదన్నది చిన్న విషయమని నేను అనుకోలేను. కోరుట్ల గడప చూసినవాడు అనుకోలేడు.

దీనికి ఆక్షేపణలున్నాయి, నాకు తెలుసు. కళాకారుడికి ఇన్ని బంధాలేమిటంటారు. వీధిలో వేయిమందిని తీస్తాం, వేయిమందికీ పంచగలమా అంటారు. పంచలేరు, నిజమే. నేను చెప్పేది నేర్చుకునేవారికి. వేయిమందిని తీయకండి, పదిమందిని తీయండి. పదిమందికి ఇవ్వడం ఎవరికైనా సాధ్యమే. ఇస్తే వాళ్ళ గడప రెండోసారి తొక్కవలసి వస్తుంది. రెండోసారి వెళ్ళినప్పుడే మొదటిసారి ఏం చూడలేదో తెలుస్తుంది. నైతికమనుకున్న నియమమే గొప్ప అభ్యాససూత్రం కూడా అయింది, చూశారా!

ఇక బడులు అక్కర్లేదా అంటే, ఉండాలి. హైదరాబాదులో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో ఈ విద్యకు పట్టా ఇస్తారు. వీలున్నవారు తప్పక చదవాలి. ట్యూబులైటు సంగతి అక్కడ మొదటి నెలలోనే చెప్పి నా రెండు చుట్టలు మిగిల్చి ఉండేవారు. కానీ ఏది తీయాలో ఏ బడీ చెప్పదు. వరంగల్లులో పుట్టిన భరత్ భూషణ్ గారు 2022లో కన్నుమూసేదాకా తెలంగాణ పల్లెబతుకునూ బతుకమ్మలనూ తీస్తూనే ఉన్నారు. ఒకరు చెబితే చేసే పనా అది?

ఈ మూడు ఊళ్ళూ నేను తిరిగినప్పుడు కరీంనగర్ జిల్లాలోవి. 2016 అక్టోబరులో జిల్లాలు మారాక జగిత్యాల, కోరుట్ల ఒకవైపు, సిరిసిల్ల ఒకవైపు అయ్యాయి. నా ఫిల్ముచుట్టల కాలమూ పోయింది. ఇప్పుడు ఫోటో పంపడానికి ఒక వేలు చాలు. అయినా దిగినవారికి చేరని ఫోటోలు తగ్గలేదనే నా అనుమానం. తీసినవాడు పదిమందికి చూపుతాడు, దిగినవాడికి తప్ప.

కాబట్టి నన్నడిగే కుర్రవాళ్ళకు నా జవాబు ఇది. మీ ఊళ్ళో ఒక చోటు ఎంచుకోండి. ఏడాది తిరగండి. ఒక నోటుపుస్తకం రాయండి. తీసిన ప్రతివారికీ, తీసిన వారంలోగా, ఏ కాగితం దొరికితే ఆ కాగితం మీద ఫోటో ఇవ్వండి. వాళ్ళు ఏమన్నారో ఆ రాత్రే రాసుకోండి.

మస్కట్ నుండి వచ్చినప్పుడు ఆ కొడుకు పాత పటం తీసి నేనిచ్చింది పెట్టాడట. ఆమధ్య అటు వెళ్ళినప్పుడు చూశాను. మంచి కాగితం కాబట్టి ఇంకా వెలవలేదు. చూడవలసిన మనిషి చూడలేదు, అంతే.