సమంగా వేడెక్కితే సురక్షితమైనట్టేనా?

ప్రకాశం జిల్లాలో వర్జీనియా పొగాకు పండించే రైతుకు వేడి విలువ గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. పచ్చి ఆకును బ్యారన్‌లో వేలాడదీసి, పొయ్యి వేడిని గొట్టాల ద్వారా లోపల తిప్పుతారు. ఆకు పసుపు రంగుకు తిరిగే దాకా 35 నుంచి 40 డిగ్రీల సెల్సియస్, చివర్లో ఈనె ఎండేందుకు 70 డిగ్రీల వరకు, కొన్ని రోజుల పాటు మెల్లమెల్లగా పెంచుతారు. మంట ఆకును తాకదు. బ్యారన్‌లో ఒక మూల వేడి ఎక్కువై మరో మూల తగ్గితే ఆకు రంగు చెడుతుంది, వేలంలో ధర పడిపోతుంది. అందుకే రాత్రిళ్లు కూడా థర్మామీటర్‌పై కన్నేసి ఉంచుతారు.

పొగాకును కాల్చకుండా, సమంగా వేడి చేయాలన్న ఇదే సమస్య కొన్నేళ్లుగా చేతిలో ఇమిడే ఎలక్ట్రానిక్ పరికరాల్లోకి చేరింది. వాటినే 'హీట్-నాట్-బర్న్' పరికరాలు అంటున్నారు. ఇంజినీరింగ్ పరంగా వీటిలో మెచ్చుకోదగ్గది చాలానే ఉంది. అయితే వేడిని అదుపు చేయడంలో సాధించిన విజయాన్ని ఆరోగ్య రక్షణలో సాధించిన విజయంగా చూపడం మాత్రం సరికాదు.

ఈ పరికరాల వెనుక ఉన్న తర్కం సులువైనదే. సిగరెట్ పీల్చేటప్పుడు దాని కొస దగ్గర ఉష్ణోగ్రత 900 డిగ్రీలు దాటుతుంది. ఆ దహనంలో కార్బన్ మోనాక్సైడ్‌తో పాటు వేలాది రసాయనాలు పుడతాయి. వాటిలో సుమారు 70 క్యాన్సర్ కారకాలు. కానీ పొగతాగేవారు కోరుకునే నికోటిన్ ఆవిరి కావడానికి అంత వేడి అక్కర్లేదు. నికోటిన్ మరిగే ఉష్ణోగ్రత 247 డిగ్రీలు. ఆవిరిని పొగలా కనిపించేలా చేసేందుకు కలిపే గ్లిజరిన్‌కు అది 290 డిగ్రీలు. కాబట్టి పొగాకును 350 డిగ్రీలు దాటకుండా వేడి చేస్తే మంట లేకుండానే నికోటిన్ అందుతుందని తయారీదారుల లెక్క.

లెక్క సులువే కానీ ఆచరణకు దశాబ్దాలు పట్టింది. 1988లో ఆర్.జె. రేనాల్డ్స్ సంస్థ 'ప్రీమియర్' పేరుతో, కొసన ఉన్న కార్బన్ ముక్క వేడితో పనిచేసే సిగరెట్‌ను అమెరికాలో అమ్మి చూసింది. రుచి, వాసన ఎవరికీ నచ్చలేదు. మరుసటి ఏడాదే వెనక్కు తీసుకుంది. 1998లో ఫిలిప్ మోరిస్ తెచ్చిన విద్యుత్ పరికరం 'అకార్డ్' కూడా నిలదొక్కుకోలేదు. చివరకు అదే సంస్థ 2014లో జపాన్‌లోని నగోయాలో, ఇటలీలోని మిలాన్‌లో 'ఐకాస్'ను విడుదల చేశాకే ఈ మార్కెట్ ఊపందుకుంది.

అసలు చిక్కు పొగాకు స్వభావంలోనే ఉంది. అది వేడిని సరిగా ప్రసరింపజేయదు. పెనం మధ్యలో మాడిపోయి అంచుల్లో పిండి పచ్చిగా మిగిలే దోసెలాగే, హీటర్‌ను ఆనుకున్న పొగాకు మాడుతుంది, దూరంగా ఉన్నది వేడెక్కదు. పైగా ప్రతి దమ్ముకూ చల్లటి గాలి లోపలికి వచ్చి ఉష్ణోగ్రతను పడగొడుతుంది. క్షణాల్లో మళ్లీ పెంచాలి, అలాగని హద్దు దాటకూడదు.

దీనికి ఇంజినీర్లు మూడు రకాల జవాబులు కనుగొన్నారు. మొదటిది, పొగాకు కడ్డీ మధ్యలోకి దిగే సన్నని సిరామిక్ బ్లేడు. దానిపై పరిచిన లోహపు పొర విద్యుత్ నిరోధం ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది. ఆ మార్పును కొలుస్తూ అదే పొరను హీటర్‌గానూ, థర్మామీటర్‌గానూ వాడుకున్నారు. రెండోది, కడ్డీని బయటి నుంచి చుట్టుముట్టే గొట్టం లాంటి హీటర్. ఇందులో వేడి అంచుల నుంచి మధ్యకు చేరుతుంది. తాకే వైశాల్యం ఎక్కువ కనుక 250 డిగ్రీల లోపే పని జరిగేలా రూపొందించిన నమూనాలున్నాయి. మూడోది, ఇళ్లలోని ఇండక్షన్ స్టవ్ సూత్రం. కడ్డీలోనే పలుచటి లోహపు రేకు పెట్టి, బయటి తీగచుట్టలో పుట్టే అయస్కాంత క్షేత్రంతో దాన్ని వేడి చేస్తారు. 2021 నుంచి మార్కెట్‌లో ఉన్న ఈ పద్ధతిలో బ్లేడుకు మసి పట్టే బెడద లేదు.

సామర్థ్యం కూడా ఇక్కడ కీలకమే. చిన్న బ్యాటరీలోని శక్తి వీలైనంతగా పొగాకుకే చేరాలి, పట్టుకున్న వేళ్లకు కాదు. అందుకే హీటర్ బరువు తగ్గించారు, చుట్టూ ఉష్ణ నిరోధక పొరలు పెట్టారు. కడ్డీలో మామూలు పొగాకు తరుగుకు బదులు, పొడి చేసిన పొగాకును గ్లిజరిన్‌తో కలిపి పలుచటి రేకుగా మార్చి ముడతలు పెట్టి వాడారు. ముడి పదార్థం ఒకే తీరుగా ఉంటే వేడి కూడా ఒకే తీరుగా పాకుతుంది.

ఈ శ్రమ ఫలితం ఇవ్వలేదని అనలేం. సిగరెట్‌తో పోలిస్తే కార్బన్ మోనాక్సైడ్ సహా పలు విషపదార్థాలు ఈ ఆవిరిలో బాగా తగ్గాయి. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2020 జులైలో ఐకాస్ గురించి ఇచ్చిన ఉత్తర్వు ఈ విషయాన్ని గుర్తించింది. సిగరెట్లు పూర్తిగా మానేసి దీనికి మారితే హానికర రసాయనాల తాకిడి తగ్గుతుందని చెప్పుకునేందుకు సంస్థను అనుమతించింది. కానీ జబ్బుల ముప్పు తగ్గుతుందని చెప్పుకునేందుకు ఒప్పుకోలేదు. ఈ రెండు మాటల మధ్య తేడాయే అసలు విషయం.

మంట లేనంత మాత్రాన రసాయన చర్య ఆగదు. మొక్కల కణజాలంలోని హెమిసెల్యులోజ్ 220 డిగ్రీల దగ్గరే విచ్ఛిన్నం కావడం మొదలవుతుంది. సెల్యులోజ్ 315 డిగ్రీలు దాటాక వేగంగా విడిపోతుంది. ఆక్సిజన్‌తో మండకపోయినా వేడికే పదార్థం విడిపోయే ఈ చర్యను పైరాలిసిస్ అంటారు. అంటే 350 డిగ్రీల దగ్గర పనిచేసే బ్లేడు చుట్టూ ఎంత సమంగా వేడి చేసినా పైరాలిసిస్ జరిగి తీరుతుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2019లో ప్రచురించిన పరిశోధనలో వాడేసిన కడ్డీల్లో పొగాకు మాడిన ఆనవాళ్లు కనిపించాయి. పరికరాన్ని శుభ్రం చేయకుండా వాడితే ఆ మాడు ఇంకా పెరిగింది. ఆవిరిని చల్లార్చేందుకు కడ్డీలో పెట్టిన ప్లాస్టిక్ పొర కరిగింది. 90 డిగ్రీలకే దాని నుంచి ఫార్మాల్డిహైడ్ సయనోహైడ్రిన్ అనే విషపదార్థం వెలువడింది. ప్రయోగశాలలో మెరిసే కొత్త పరికరం వేరు, నెలల తరబడి జేబులో తిరిగి మసి పట్టిన పరికరం వేరు.

'సామర్థ్యం' అనే మాటను కూడా నిలదీసి అడగాలి. ఎవరికి సామర్థ్యం? మొదటి దమ్ము నుంచి చివరి దమ్ము దాకా ఒకే మోతాదులో నికోటిన్ అందించడమే ఈ రూపకల్పనలోని సమానత్వానికి అర్థం. వ్యసనాన్ని నిలబెట్టేది నికోటినే. వేడి ఎంత సమంగా ఉంటే ఆ సరఫరా అంత నమ్మకంగా సాగుతుంది. ఇంజినీర్‌కు మెరిట్‌గా కనిపించే గుణమే వాడేవారి ఊపిరితిత్తులకు, గుండెకు మేలు చేస్తుందని అనుకోవడానికి ఆధారం లేదు.

ఈ పరికరాలు సిగరెట్లను మాన్పిస్తాయన్న వాదన మరొకటి. జపాన్‌లో ఇవి వచ్చాక సిగరెట్ల అమ్మకాలు వేగంగా తగ్గిన మాట నిజం. కానీ 2022లో వెలువడిన కాక్రేన్ సమీక్ష, ఇవి సిగరెట్ మానేందుకు తోడ్పడతాయా అని నేరుగా పరీక్షించిన అధ్యయనం ఒక్కటీ తమకు దొరకలేదని తేల్చింది. భద్రతపై అది పరిశీలించిన 11 క్లినికల్ ట్రయల్స్‌కూ డబ్బు పెట్టినవి పొగాకు సంస్థలే. బ్యారన్ బాగుందని దాని యజమాని చెబితే చాలదు, వేలంలో ఆకును చూసేవారు వేరే ఉంటారు. ఆ నియమం ఇక్కడా వర్తించాలి.

భారత్ 2019లో చేసిన ఎలక్ట్రానిక్ సిగరెట్ల నిషేధ చట్టం హీట్-నాట్-బర్న్ ఉత్పత్తులనూ తన పరిధిలోకి తెచ్చింది. ఈ నిర్ణయాన్ని సడలించడానికి వేడి నియంత్రణలో వచ్చిన మెరుగుదల కారణం కాకూడదు. 2016–17 జాతీయ సర్వే ప్రకారం దేశంలో 26.7 కోట్ల మంది పెద్దలు పొగాకు వాడుతున్నారు. పెద్దల్లో 21.4 శాతం ఖైనీ, గుట్కా వంటి నమిలే రకాలు వాడితే, బీడీ తాగేవారు 7.7 శాతం, సిగరెట్ తాగేవారు 4 శాతమే. ఖైనీ నమిలే కూలీకి, బీడీ తాగే రైతుకు ఖరీదైన ఈ పరికరం ఏ సమస్యకూ జవాబు కాదు. మాన్పించే కౌన్సెలింగ్, అందుబాటులో మందులు, పొగాకు రైతుకు మరో గిట్టుబాటు పంట వారికి జవాబులు.

బ్యారన్ దగ్గర కూర్చున్న రైతుకు సమానమైన వేడి అంటే మంచి ఆకు, మంచి ధర. ఆ కొలత అక్కడికి సరిపోతుంది. మనిషి శరీరానికి మాత్రం వేడి ఎంత సమంగా అందిందన్నది కాదు, ఆ వేడి లోపలికి ఏమి మోసుకెళ్లిందన్నదే కొలత.