అత్తమ్మ పాట, మావాడి అరుపులు

మా పెద్దాడు సెలవులకి ఇంటికొస్తే రెండు ఖాయం. ఫ్రిజ్‌లో పెరుగు మిగలదు, వాడి గది తలుపు తెరుచుకోదు. ఆ తలుపు వెనక నుంచి వచ్చే శబ్దం ఎలా ఉంటుందంటే, మిక్సీలో ఎండుకొబ్బరి చిప్పలు వేసి మూత పెట్టడం మర్చిపోయినట్టు ఉంటుంది. మొన్న సంక్రాంతికి మధ్యాహ్నం కునుకులోంచి లేచి మా అత్తమ్మ, "ఏటమ్మా, ఎవులో అలగరస్తన్నారు? ఎవులైనా పోనారేటి?" అని అడిగింది.

తిడదామనే తలుపు తోశాను. సరిగ్గా అప్పుడే ఆ రభస ఆగి, ఏదో తీగ ఒక్కటే సన్నగా మోగింది. వీణ కాదు, సితార్ కాదు. ఎక్కడో విన్నట్టుంది, ఎక్కడా విననట్టూ ఉంది. "ఇదేంట్రా?" అన్నాను, తిట్టడం మర్చిపోయి. వియత్నాం వాళ్ళట. విండ్‌రన్నర్ అనే బృందం, 'మాయ్' అనే ఆల్బమ్. ఈ రకం సంగీతాన్ని ప్రోగ్రెసివ్ మెటల్‌కోర్ అంటారట. వాళ్ళ దేశపు పాత సంగీతాన్ని అందులో కలిపారట.

నాకు అర్థమైనంత వరకు చెప్తాను, తప్పయితే మీ పిల్లల్ని అడగండి. గిటార్ తీగలు బాగా వదులు చేసి, బొంగురుగా, బరువుగా మోగిస్తారు. డ్రమ్ముల వాడు రెండు కాళ్ళతోనూ దరువేస్తాడు. పాడేవాళ్ళు కాసేపు మామూలుగా పాడి, కాసేపు గొంతు లోపల్నుంచి గర్జిస్తారు. గొంతు చిరగదా అంటే, దానికీ సాధన ఉందట. ఉక్రెయిన్ బృందం జింజర్‌లో అలా గర్జించేది తాత్యానా ష్మాయ్‌లుక్ అనే ఆడమనిషి. వీడియో చూసేదాకా నేను నమ్మలేదు. ఇక ప్రోగ్రెసివ్ అంటే లెక్క తిన్నగా నాలుగులో నడవదు. ఐదులోకి, ఏడులోకి తిరుగుతుంది. "అంటే ఖండచాపు, మిశ్రచాపే కదరా" అన్నాను. చిన్నప్పుడు నేర్చుకున్న రెండేళ్ళ సంగీతం అలా పనికొచ్చింది. వాడు నన్ను కొత్తగా చూశాడు.

ఈ మాట మా కిట్టీ పార్టీలో చెప్తే పెద్ద గొడవైంది. "సంప్రదాయ సంగీతాన్ని తీసుకెళ్ళి ఆ అరుపుల్లో కలపడమేంటి, అపచారం కాదూ" అన్నారు ఒకరు. మిగతావాళ్ళు తలలూపారు. నేను ఒప్పుకోను. మనం విజయనగరం పక్కనే ఉన్నాం, ఆ మాట అనే హక్కు అందరికంటే మనకే తక్కువ. 1919లో పెట్టిన సంగీత కళాశాల ఉన్న ఊరది. ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాల్. ద్వారం వెంకటస్వామినాయుడుగారు అక్కడే వయొలిన్ చెప్పారు, తర్వాత ప్రిన్సిపాల్ కూడా అయ్యారు. ఆ వయొలిన్ మనదా? తెల్లవాళ్ళ వాద్యం. బాలుస్వామి దీక్షితులు దాన్ని మన కచేరీలోకి తెచ్చిన రోజుల్లోనూ ఎవరో ఒకరు ముక్కు విరిచే ఉంటారు. ఇప్పుడు వయొలిన్ లేకపోతే కచేరీ బోసిగా ఉందంటాం. అంత వెనక్కి ఎందుకు, పాలకొల్లు శ్రీనివాస్ వాయించింది ఎలక్ట్రిక్ మాండలిన్. దానికీ కరెంటు వైరుంది, మావాడి గిటార్‌కీ ఉంది.

బెంగళూరు బృందం అగం 2012లో తీసిన మొదటి ఆల్బమ్ 'ది ఇన్నర్ సెల్ఫ్ అవేకెన్స్' మావాడే వినిపించాడు. మెటల్ అనరట దాన్ని, రాక్ అనాలట. ఆ తేడా నాకు తెలీదు. అందులో త్యాగరాజస్వామి హంసనాదం కీర్తన 'బంటురీతి కొలువు' ఉంది. ఎలక్ట్రిక్ గిటార్లు, డ్రమ్ములు అన్నీ ఉన్నా రాగం చెక్కుచెదరలేదు. ఢిల్లీ వాళ్ళు బ్లడీవుడ్, వాళ్ళ తొలి ఆల్బమ్ 'రక్షక్' 2022లో వచ్చింది. అందులో ఢోలు మోత గిటార్లతో సమానంగా పరిగెడుతుంది. నిజం చెప్పొద్దూ, వరసగా మూడు పాటలు దాటితే నాకు తలనొప్పి. కానీ ఆ ఢోలు తీసేస్తే పాట కూలిపోతుందని మాత్రం నాక్కూడా తెలిసింది.

నా కొలత అదే. కూర అంతా అయ్యాక పైన రెండు కొత్తిమీర రెబ్బలు వేసినట్టు, మొదట్లో పది సెకన్లు వేణువు ఊదించి తర్వాత మామూలు అరుపులు పెడితే అది కలపడం కాదు, అలంకారం. మన సినిమా పాటల్లో, పెళ్ళి డీజేల్లో జరిగేది ఎక్కువగా ఇదే.

వియత్నాం వాద్యాల గురించి ఫోన్‌లో వెతికాను. దాన్ బావు అని ఒకటుంది. ఒక్కటే తీగ. పక్కన సన్నటి బద్ద ఉంటుంది, దాన్ని వంచుతూ స్వరం మారుస్తారు. దాని నాదం ఎంత మెత్తగా గుండెను పట్టేస్తుందంటే, ఆడపిల్లలు ఆ వాద్యం వినకూడదని వాళ్ళలో పాత సామెత ఉందట. ఎక్కడైనా ఆడపిల్లకే కదా వద్దనేది! అది చూస్తుంటే నాకు జముకు గుర్తొచ్చింది. మన జముకుల కథలో చంకలో ఇరికించుకుని వాయిస్తారే, అది. దానికీ ఒకటే తీగ, చర్మం మధ్యలోంచి. బిగిస్తే ఒక స్వరం, వదిలితే ఒక స్వరం. మావాడికి చెప్తే "జముకు అంటే ఏంటమ్మా?" అన్నాడు. భోగాపురంలో పుట్టి పెరిగిన పిల్లాడు వాడు. వియత్నాం తీగ తెలుసు, జముకు తెలీదు.

తప్పు వాడిదనుకుని వాడి మీదే విసుక్కున్నాను. రాత్రి అంట్లు తోముతుంటే వేరే సంగతి గుర్తొచ్చింది.

తొమ్మిదేళ్ళ కిందట ఈ ఇంటి గృహప్రవేశం. మా అత్తమ్మ చిన్నప్పట్నుంచి వడ్లు దంచుతూ, నాట్లేస్తూ పాడిన మనిషి. ఆ రోజు హారతి వేళ తనంతట తానే ఎత్తుకుంది. అన్న వస్తాడని, పండక్కి పుట్టింటికి తీసుకెళ్తాడని గుమ్మంలో ఎదురుచూసే చెల్లెలి పాట. హాల్లో మా ఆయన ఆఫీసు వాళ్ళు, వీడియో తీసే అబ్బాయి. అత్తమ్మ గొంతు మోటుగా, ఎత్తుగా ఉంటుంది. నాకు సిగ్గేసింది. దగ్గరకెళ్ళి, "అత్తమ్మా, చాలు, మైకులో అష్టోత్తరం పెడతారు" అన్నాను. ఆవిడ ఆపేసింది. ఏమీ అనలేదు. ఆ తర్వాత నలుగురిలో ఎప్పుడూ పాడలేదు. నేనూ ఎప్పుడూ అడగలేదు.

అందుకే కిట్టీలో ఆవిడ "అపచారం" అన్నప్పుడు నాకు కోపం వచ్చింది. మన పాటల్ని చంపింది ఈ అరిచే పిల్లలు కాదండీ. మనమే. నలుగు పాటలు రావని సినిమా పాటలు పెట్టుకున్నాం. జాతరలో తప్పెటగుళ్ళ వాళ్ళు రేకు తప్పెట గుండెకి కట్టుకుని, కాళ్ళకి గజ్జెలతో చెమటలు కక్కుతూ ఎగురుతుంటే, ఫొటో తీసుకుని పక్కనున్న డీజే దగ్గరికి వెళ్ళిపోయాం. (ఆ తప్పెటగుళ్ళు చివర్లో వేగం అందుకుంటాయే, మావాడి డ్రమ్ముల కంటే ఏం తక్కువ?) ఇప్పుడు మా ఊరంటే అందరికీ విమానాశ్రయమే. ఎక్కడ చూసినా సెంటు ఎంత పలుకుతోందన్న మాటే. ఆ పొలాల్లో నాట్ల పాట ఎవరు పాడేవారో అడిగినవాళ్ళు లేరు.

అయితే ఈ కుర్రాళ్ళకి కూడా ఒక మాట చెప్పాలి. తప్పెటగుళ్ళు యాదవుల ఇళ్ళల్లో తరతరాలుగా వచ్చిన కళ. దాన్ని ఫోన్‌లో పట్టుకుపోయి, ముక్కలు చేసి పాటలో అతికించి, కింద "జానపదం" అని ఒక్క ముక్క రాస్తే సరిపోదు. వాయించిన మనిషి పేరు ఉండాలి, ఆ మనిషికి డబ్బు అందాలి. గిటార్ కొనడానికి అంత ఖర్చు పెట్టినవాళ్ళకి ఇది బరువేం కాదు.

ఇదంతా మావాడికి చెప్పాను, గృహప్రవేశం సంగతితో సహా. వాడు కాసేపు మాట్లాడలేదు. మర్నాడు వాళ్ళ మామ్మ దగ్గర కూర్చుని పాట పాడమన్నాడు. "అప్పుడొద్దన్నారు కదరా" అంది ఆవిడ. నేను వంటింట్లోనే ఉన్నాను. బయటికి రావడానికి కాళ్ళు రాలేదు. చివరికి వచ్చి, ఆవిడ పక్కన నేల మీద కూర్చున్నాను. క్షమించమని అడగడం మా ఇళ్ళల్లో అలవాటు లేదు. "ఆ అన్న పాట పాడండి అత్తమ్మా" అన్నాను అంతే.

రెండు చరణాలు వచ్చాయి. మూడోది సగంలో ఆగింది. ఎంత తన్నుకున్నా మిగతాది గుర్తు రాలేదు. "మా అప్పకొచ్చును" అంది. వాళ్ళ అప్ప పోయి ఆరేళ్ళు.

మావాడు ఆ రెండున్నర చరణాల కింద గిటార్, డ్రమ్ములు పెట్టి, పాట ఆగిపోయిన చోట గిటార్ని కూడా ఆపేసి, ఫ్యాను చప్పుడు మాత్రం వినపడేలా వదిలేశాడు. హెడ్‌ఫోన్లు మామ్మ చెవులకి పెట్టాడు. ఆవిడ కళ్ళు మూసుకుని మొత్తం వింది.

"నా గొంతు కంటే ఆ డబడబలే ఎక్కువున్నాయి, తగ్గించమను" అంది నాతో.