నోరిప్పి చెప్పు బిడ్డా

కడుపుతోని ఉన్న పిల్ల ఏం చెప్పినా మా దిక్కు ఒక్కటే జవాబు తయారుగుంటది. వాంతులైతున్నయంటే "గట్లనే అయితయి". నడుము గుంజుతున్నదంటే "మాకు గుంజలేదా?" రాత్రి నిద్ర పడ్తలేదంటే "ఇప్పుడే గిట్లయితే రేపు పిల్ల పుట్టినంక ఏం చేస్తవే?" అనేటోళ్లు చెడ్డోళ్లు కాదు. నలుగురిని కన్న తల్లులు, ప్రేమ ఉన్నోళ్లు. వాళ్ల మాటల నిజం కూడ ఉన్నది. తొమ్మిది నెలల్ల వచ్చే బాధలు చానమట్టుకు వచ్చి పోయేటివే. కానీ మిగిలిన కొన్ని ఉన్నయి చూడు, వాటిని కూడ అదే మాటతోని నోరు మూయిస్తే పానం మీదికొస్తది. మొదటి కాన్పు పిల్లకు ఏది ఓర్చుకునేదో, ఏది ఆ గంటల్నే చెప్పేదో ఎట్ల తెలుస్తది? గందుకే ఇయ్యాల ఈ ముచ్చట.

మా బొంగులూరు ఇప్పుడు పల్లె అనుటానికి లేదు, పట్నం అనుటానికీ లేదు. ఔటర్ రింగు రోడ్డు దిగితే మేమే, పక్కకే ఆదిభట్ల, ఆడ టీసీఎస్, విమానాల సామాన్లు చేసే కంపెనీలు. ఒక్క గల్లిల్నే కడుపుతోని ఉండి పొద్దుగాల్ల కంప్యూటర్ కొలువుకు పోయేటామె ఉంటది, చేన్ల కూలికి పోయేటామె ఉంటది, ఎక్కడ్నో దూరపు రాష్ట్రం నుంచి పెనిమిటి వెంబడి బిల్డింగుల పనికొచ్చి రేకుల షెడ్డుల ఉంటున్నామె ఉంటది. ముగ్గురికీ వచ్చే పైత్యం ఒక్క తీరే. కొలువు చేసేటామెకు 2017 నుంచి మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలు జీతంతోని సెలవు చట్టంల ఉన్నది. కూలికి పోయేటామెకు మాత్రం పోని దినం పైసల్లేవు. ఈ తేడా మనసుల పెట్టుకునే కింది మాటలు చెప్తున్న. "విశ్రాంతి తీసుకో" అనుడు అందరికీ చెల్లదు.

ముందుగాల వేవిళ్లు. ఆరో వారం ఆ మధ్యల మొదలైతయి, చానమందికి నాలుగో నెల పడేసరికి తగ్గుతయి. పొద్దుగాల్ల ఖాళీ కడుపుతోని లేస్తే ఎక్కువైతయి గనుక తల కాడ ఇన్ని పేలాలో, బొరుగులో, బిస్కెట్లో పెట్టుకొని పండుకోవాలె. లేవకముందే నాలుగు నోట్లేసుకొని, కొంచెం ఆగి లేవాలె. మూడు పూటల అన్నం ఆరు తాపలు చేసుకొని తినాలె. అల్లం ముక్క, అల్లం వేసిన నిమ్మకాయ నీళ్లు కొందరికి మంచిగ పనిచేస్తయి. పోపు వాసన పడకపోతే పోపు ఇంకొకరు పెట్టాలె. ఇంట్ల అత్త ఉంటే అత్త, లేకపోతే పెనిమిటి. ఈ మాట సిగ్గుపడకుండ అడగాలె. ఇవన్నీ చేసినా తగ్గకపోతే కడుపుల పిల్లకు ఏం గాని గోలీలు డాక్టరమ్మ కాడ ఉన్నయి, తొమ్మిది నెలలు పస్తులు పండుకోవాల్సిన పని లేదు. మంచినీళ్లు కూడ కడుపుల నిలుస్తలేవు, పొద్దంత మూత్రానికి పోలేదు, లేస్తే కండ్లు తిరుగుతున్నయి అంటే అది ఓర్చుకునే వేవిళ్ల తీరు దాటిపోయింది. అదే దినం దవాఖానకు పోయి సెలైన్ ఎక్కించుకోవాలె.

ఇంకొకటి ఉన్నది, ఇది ఆడోళ్లు చాటుకు చేస్తరు. మట్టి తింటరు. బలపం కొరుకుతరు, పచ్చి బియ్యం బుక్కుతరు. అడిగితే "మనసు గుంజుతది" అంటరు. తిట్టుడు వద్దు. మట్టి మీద మనసు పోయిందంటే చాన తాపలు ఒంట్ల రక్తం తక్కువున్నదన్నట్టే. సిగ్గుపడి దాచిపెడితే నర్సమ్మకు ఆ గుర్తు దొరకనే దొరకదు.

రక్తం ముచ్చట మీద నేను జర ఎక్కువ సేపు నిలవడ్త, ఎందుకంటే మన తెలంగాణల అసలు పరేషాన్ ఇదే. 2019-21ల జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల, మన రాష్ట్రంల గర్భిణులు 100 మంది ఉంటే 53 మందికి రక్తం తక్కువున్నట్టు తేలింది. సగం కంటే ఎక్కువ! కాన్పుల రక్తం పోవుడు అందరికీ ఉన్నదే. ఉన్నదే తక్కువైతే అండ్లకెల్లి పోతే ఏముంటది? గందుకే మూడు నెలలు దాటినంక ఐరన్ గోలీ రోజుకొకటి, తక్కువల తక్కువ 180 దినాలు వేసుకోవాలె. ఊరి ఆశా కార్యకర్త ఇంటికి తెచ్చిస్తది. కానీ చాన ఇండ్లల్ల ఆ గోలీలు అర్రల డబ్బల అట్లనే ఉంటయి. ఎందుకు వేసుకోలేదంటే కడుపుల తిప్పుతది, మలబద్ధకం అయితది, దొడ్డికి నల్లగ అయితున్నది అంటరు. నల్లగయ్యేది ఐరన్ తోనే, దానికి భయం వద్దు. కడుపుల తిప్పితే రాత్రి తిని పండుకునే ముందు వేసుకోవాలె. చాయతోని మాత్రం వద్దే వద్దు, చాయ తాగితే ఐరన్ ఒంటికి పట్టదు. చాయకూ గోలీకీ గంటో రెండు గంటలో ఎడముండాలె. నిమ్మకాయ నీళ్లతోని వేసుకుంటే మంచిగ పడ్తది. కాల్షియం గోలీ కూడ దీంతోని కలిపి వేసుకోవద్దు, అది పగలు, ఇది రాత్రి. ఇంత చిన్న ముచ్చట చెప్పేటోళ్లు లేక డబ్బలకు డబ్బలు గోలీలు పారేసుకుంటున్నం.

అంగన్‌వాడీ అన్నానికి పోవుడు నామోషీ అనుకునేటోళ్లు కూడ ఉన్నరు. 2015 జనవరి నుంచి ఆరోగ్యలక్ష్మి పథకం కింద గర్భిణులకు, బాలింతలకు ఒక పూట పూర అన్నం పెడుతున్నరు. అన్నం, పప్పు, కూర, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు. ఆడనే కూసొని తినాలంటరు. నాకు ఆ షరతే మస్తు నచ్చింది. ఎందుకంటే మన ఆడవిల్ల ఇంటికి గుడ్డు తెచ్చుకుంటే అది ఆమె పల్లెంలకు రాదు, పెద్ద పిల్లగాని పల్లెంలకు పోతది. అందరికీ పెట్టినంక మిగిలింది తినే అలవాటు కడుపుతోని ఉన్నప్పుడు కూడ ఎవ్వరూ మాన్పియ్యరు.

ఇగ ఛాతీల మంట, పుల్లటి తేన్పులు. ఒంట్ల మారే హార్మోన్ల తోని కడుపు మీది మూతి వదులైతది, కింది నుంచి పిల్ల పెరిగి ఒత్తుతది. తిన్నంక రెండు గంటలదాక పండుకోకుంటే, తల కింద ఇంకో మెత్త పెట్టుకుంటే సగం తగ్గుతది. పచ్చికారం, నూనె వంటలు మంట ఉన్నన్ని దినాలు తగ్గించుకోవాలె. మా దిక్కు "మంట ఉంటే పిల్లకు జుట్టెక్కువ" అని నవ్వుకుంటరు, నవ్వుకోండ్రి, మందు కూడ అడగుండ్రి.

నడుము నొప్పికి మా సాగర్ రోడ్డు బస్సు ముచ్చట చెప్పాలె. ఇబ్రహీంపట్నం నుంచి పట్నం దిక్కు పోయే బస్సుల నిలవడి, బ్రేకు బ్రేకుకూ పై కడ్డీ పట్టుకొని పోయే నిండు గర్భిణిని చూసి కూడ సీట్ల కూసున్నోళ్లు కిటికీల నుంచి బయటకు చూస్తరు. అన్నలారా, తమ్ములారా, జర లేవుండ్రి. బిడ్డా, నువ్వు కూడ "నేను కడుపుతోని ఉన్న, సీటు కావాలె" అని గట్టిగ అడుగు. ఎనకసీట్ల కూసోవద్దు, ముందుభాగంల కుదుపులు తక్కువ. ఇంటికొచ్చినంక నడుము కింద గోరువెచ్చని నీళ్ల సంచి, మోకాళ్ల నడుమ మెత్త పెట్టుకొని పక్కకు తిరిగి పండుకునుడు. ఏడో నెల దాటినంక ఎల్లెలుకల పండుకోవద్దు, బరువు పెద్ద రక్తనాళం మీద పడి పిల్లకు పోయే రక్తం తగ్గుతది. ఎడమ పక్క మంచిదంటరు, కుడి పక్కకు తిరిగినా తప్పు లేదు. నిద్రల ఎల్లెలుకల తిరిగితే బుగులు పడేది లేదు, మెలకువొచ్చినప్పుడు పక్కకు తిరిగితే చాలు.

ఇప్పుడు ఓర్చుకోగూడనివి. ఈ ముక్క అత్తలు, పెనిమిట్లు కూడ చెవి పెట్టి వినాలె.

సాయంత్రం పాదాలు వాచుడు మామూలే. కానీ పొద్దుగాల్ల లేవంగనే మొకం, చేతులు ఉబ్బినయి, ఉంగరం వస్తలేదు, తలకాయ పగిలిపోతున్నది, కండ్ల ముందట మసకలో మెరుపులో వస్తున్నయి, పక్కటెముకల కింద నొప్పి లేస్తున్నది అంటే అది బీపీ. దిష్టి తీసుకుంట కూసుంటే ఫిట్స్ వస్తయి. రక్తం కనవడ్డా, ఉమ్మనీరు కారినట్టు బట్ట తడిసినా, జ్వరమొచ్చినా ఆగొద్దు. అరిచేతులు, అరికాళ్లు రాత్రిపూట దద్దు లేకుండ ఊకె దురద పెడితే నర్సమ్మకు చెప్పాలె, అది కాలేయం నుంచి వచ్చే దురద కావొచ్చు, రక్తపరీక్ష చేస్తే తెలుస్తది. అన్నిటికన్న ముఖ్యం, పిల్ల తిరుగుడు. రోజూ ఎట్ల తిరుగుతదో తల్లికే తెలుస్తది. ఆ తిరుగుడు తగ్గితే "నెలలు నిండినంక తిరగదు" అనే మాట నమ్మొద్దు, కాన్పు దాక తిరుగుతనే ఉంటది. తెల్లారనియ్యకుండ పోవాలె. పానం మీదికొస్తే 108, నెలనెల పరీక్షకు, కాన్పయి ఇంటికొచ్చేటందుకు 102. రెండు నంబర్లు గోడ మీద రాసి పెట్టుండ్రి.

పైసలున్న ఇంట్ల ఇవన్నీ కావనుకుంటే పొరపాటు. ఏడో నిజాం కోడలు నీలోఫర్ దగ్గర పనిచేసిన రఫత్ అనే పిల్ల 1949ల కాన్పుల పానం ఇడిసింది. రాజుగారి కుటుంబం నీడల ఉన్న ఆడవిల్లకు కూడ సమయానికి సాయం అందలేదు. ఇంకెవ్వరికీ గట్ల కావొద్దని నీలోఫర్ పట్టుపడితేనే 1953ల ఇప్పటి నీలోఫర్ దవాఖాన వచ్చింది. మా ఊరి పిల్లలకు పెద్ద జబ్బు చేస్తే ఇయ్యాలటికీ ఆడికే ఉరుకుతం.

దవాఖాన అంటే మా దిక్కు ఒక భయమున్నది, దాన్ని దాచిపెట్టి మాట్లాడుడు నాకు ఇష్టం లేదు. 2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నం సర్కారు దవాఖానల 34 మందికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేసిండ్రు, అండ్ల నలుగురు తల్లులు చచ్చిపోయిండ్రు. చిన్నచిన్న పిల్లలున్న తల్లులు. ఆ దుఃఖం ఈ మండలం మర్చిపోదు. కానీ ఆ భయంతోని నెలనెల పరీక్షలు ఎగ్గొడితే మన పానానికే మోసం. పోవాలె, పోయి అడగాలె. ఈ సూది ఎందుకు, ఈ సంతకం దేనికి, ఆపరేషన్ ఎందుకు అంటున్నరు అని. ముందుగాల చెప్పిన కుటుంబ ఆరోగ్య సర్వేల మన రాష్ట్రంల 100 కాన్పులల్ల దాదాపు 61 ఆపరేషన్ తోని అయినయని ఉన్నది. సర్కారు దవాఖానల్ల 45 దాక, ప్రైవేటుల 81 దాటింది. అవసరమున్న కాడ కోతే పానం నిలవెడ్తది, దాన్ని నేను వద్దన. ముహూర్తం చూసి కోపిచ్చుకునుడు, నొప్పులకు భయపడి కోపిచ్చుకునుడు మాత్రం నాకు మనసు మీద పడ్తది. పంతులు కాడికి పోయేకన్న ముందు నర్సమ్మ కాడికి పోయి నొప్పులెట్ల వస్తయో, ఎట్ల శ్వాస తీసుకోవాల్నో, ఎవరు తోడుంటరో అడిగి తెలుసుకోవాలె.

ఎనిమిదో నెల పడంగనే సంచి సదురుండ్రి. మాతా శిశు రక్షణ కార్డు, ఆధార్, పరీక్షల కాగితాలు, రక్తం గ్రూపు, ఇంట్ల అదే గ్రూపున్న ఇద్దరి ఫోన్ నంబర్లు. పుట్టకముందే పిల్లకు కొత్త బట్టలు కొనొద్దని కొందరి ఇండ్లల్ల నమ్మకం. కొనకుండ్రి, ఏం తక్కువ గాదు. మెత్తబడ్డ పాత నూలు చీరలు మంచిగ ఉతికి ఎండకు ఆరేసి నాలుగు నాలుగు ముక్కలు చేసి పెట్టుకుంటే పొత్తిగుడ్డలు అయినయి. సింథటిక్ చీర ముక్కలు వద్దు, చెమట పీల్చవు.

పిల్ల పుట్టినంక ముందు గంటల్నే తల్లి రొమ్ముకు అందియ్యాలె. పసుపుపచ్చగ చిక్కగ వచ్చే ముర్రుపాలు పిండి పారబోసే ఇండ్లు ఇంకా ఉన్నయి, అది పిల్లకు పడే మొదటి టీకా అనుకోండ్రి. తేనె నాకించుడు, చక్కెర నీళ్లు పోసుడు, ముక్కుల చెవుల నూనె పోసుడు, కండ్లకు కాటుక, బొడ్డు మీద పసుపు, మూసిన అర్రల సాంబ్రాణి పొగ, ఇవన్నీ ఎంత ప్రేమతోని చేసినా వద్దు. ఏడాది లోపటి పిల్లకు తేనె విషమైతది. బొడ్డు పొడిగ ఉంటే దానంతటదే రాలుతది. ఆరు నెలలు తల్లిపాలు ఒక్కటే, నీళ్లు కూడ అక్కర లేదు. పాలు సరిపోతున్నయా అని భయపడేటోళ్లు పిల్ల ఉచ్చలు లెక్కవెట్టుండ్రి, అయిదారు దినాలు దాటినంక దినానికి ఆరు తాపలు పోస్తే సరిపోతున్నట్టు.

బాలింతకు పథ్యం పేరు మీద కారప్పొడి అన్నం, లోటెడు నీళ్లు పెట్టుడు నాకు అసలే నచ్చదు. పాలిచ్చే తల్లికి దూప మస్తయితది, ఎన్ని నీళ్లంటే అన్ని ఇయ్యాలె. పప్పు, ఆకుకూర, గుడ్డు, పండ్లు అన్నీ పెట్టాలె. నూనె రాసి, వేడినీళ్లు పోసే మన అవ్వల చేతి పని మాత్రం ఇడిసిపెట్టకుండ్రి, ఆ చేతులల్ల ఉన్న ఓదార్పు తల్లికి కావాలె. కాన్పయిన మూడో నాలుగో దినం ఊకెనే ఏడుపొస్తది, అది పది దినాలల్ల సర్దుకుంటది. రెండు వారాలు దాటినా పిల్లను ఎత్తుకోబుద్ధి కాకున్నా, నిద్ర పట్టకున్నా, బతుకు మీద విరక్తి మాటలొచ్చినా డాక్టరు కాడికి తోల్కపోవాలె. గాలి సోకిందని తాయెత్తు కట్టుకుంట ఆగొద్దు.

ఇరవై ఒకటో దినం తొట్టెల చేసుకుంటం, చుట్టాలందరు పిల్లను చూసి పోతరు. పుట్టినట్టు రాపిచ్చే గడువు కూడ 21 దినాలే, దవాఖానల రాసిండ్రా లేదా అడిగి చూసుకోండ్రి. నెలన్నరకు పిల్లకు టీకాలుంటయి, ఆ దినం ఇల్లంత యాది వెట్టుకొని పోతరు. అదే దినం తల్లి బీపీ, రక్తం చూపియ్యుండ్రి. కడుపుతోని ఉన్నప్పుడు షుగరొచ్చినామెకు ఆ పరీక్ష మళ్ల చేపియ్యుండ్రి, కాన్పుతోనే పోయిందని వదిలేస్తే కొన్నేండ్లకు అసలు షుగరు కావొచ్చు. కుట్లు నొస్తున్నయా, ఉచ్చ ఆగుతున్నదా, నిద్ర పడుతున్నదా అని తల్లిని పక్కకు పిలిచి అడుగుండ్రి. చెప్పేదాక ఆగుండ్రి.