డయాలసిస్ లెక్కల్లోకి రాని గుండె

కేంద్రం 2016-17 బడ్జెట్‌లో జాతీయ డయాలసిస్ పథకాన్ని ప్రకటించింది. ఏటా 2.2 లక్షల మంది కొత్తగా మూత్రపిండాల అంతిమదశ వ్యాధికి లోనవుతున్నారని, ఒక్కో దఫా డయాలసిస్‌కు సుమారు రూ.2 వేలు ఖర్చవుతోందని నాటి ఆర్థికమంత్రి అరుణ్ జైట్లీ సభకు తెలిపారు. జిల్లా ఆస్పత్రులకు యంత్రాలు వచ్చాయి. పేదల భారం కొంత తగ్గింది. అయితే ఏళ్ల తరబడి డయాలసిస్‌పై బతుకుతున్న వారిని ఎక్కువగా బలిగొంటున్నది గుండె జబ్బే.

మూత్రం సరిగా రానివారి ఒంట్లో రెండు దఫాల నడుమ నీరు, ఉప్పు పేరుకుంటాయి. రక్తపోటు పెరుగుతుంది, రక్తహీనత తోడవుతుంది. ఆ భారాన్ని మోసీ మోసీ గుండె ఎడమ జఠరిక గోడ మందమెక్కుతుంది, క్రమేణా గుండే పెద్దదవుతుంది. లయ తప్పి హఠాత్తుగా ఆగిపోయే ముప్పు అక్కడి నుంచే. వారానికి మూడుసార్లకు బదులు ఆరుసార్లు డయాలసిస్ చేస్తే జఠరిక కండరం తగ్గుతుందని ఉత్తర అమెరికాలో జరిగిన అధ్యయనం 2010లో వెల్లడించింది. మన దేశంలో ఆ మూడుసార్లే గగనం. చాలామంది రెండింటితో సరిపెట్టుకుంటున్నారు. చికిత్స ఉచితమే కావచ్చు, బస్సు చార్జీలు, పోయిన కూలి ఎవరిస్తారు?

యంత్రాల సంఖ్య చెప్పుకోవడం ప్రభుత్వాలకు సులువు. ఒక్కో రోగికి వారానికి ఎన్ని దఫాలు అందాయి, నడుమ ఒంటి బరువు ఎంత పెరిగింది, ఏడాదికోసారైనా గుండెకు ఎకో పరీక్ష జరిగిందా అన్నవీ ఆ నివేదికల్లో ఉండాలి.